నరంలోకి ఎక్కించిన అన్నానికి బిల్లు

మిర్గం నాడు కోరుట్లలో చేప వండని ఇల్లు తక్కువ. మృగశిర కార్తె మొదలయ్యే ఆ రోజు చేప తింటే వానాకాలం రోగాలు దగ్గరికి రావని మా దగ్గర గట్టి నమ్మకం. నేనూ ఆ రోజు కొర్రమట్ట పులుసు వండి, రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. తిండి విషయంలో నాకు మొహమాటం లేదు. సాయంత్రం బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి చీకటి పడేసరికి నన్ను నిలబడనివ్వలేదు, కూర్చోనివ్వలేదు. చేత్తో నొక్కి చూసుకుంటే కడుపు మెత్తగానే ఉంది, లోపల మాత్రం ఎవరో తడిబట్టను పిండినట్టు పేగులను పిండుతున్నారు.

అందరూ చేప మీదే పడ్డారు. పక్కింటావిడ ముల్లు గుచ్చుకుందన్నది. మా ఆయన రాజేశం వాము నీళ్లు కాచి తెచ్చాడు. ఆయనది మోటర్ వైండింగ్ షాపు, కాలిపోయిన బావి మోటర్లకు మళ్లీ తీగ చుట్టే పని. దగ్గర్లో ఉన్న డాక్టర్ గ్యాస్ అని ఇంజెక్షన్ వేశాడు. కొంచెం తగ్గింది, మళ్లీ వచ్చింది, మళ్లీ ఇంజెక్షన్. మర్నాడు వాంతులు మొదలై, విరేచనంలో నెత్తురు కనబడేసరికి మా ఆయన ముఖం తెల్లబోయింది. జీపు మాట్లాడి జగిత్యాల తీసుకుపోయాడు.

జగిత్యాలలో సీటీ స్కాన్ చూసిన డాక్టర్ విషయం సూటిగా చెప్పాడు.

"గ్యాస్ కాదమ్మా గిది. పేగుకు నెత్తురు మంచిగ ఆడుతలేదు. ఇక్కడ ఆగద్దు, హైదరాబాద్ పోవాలె."

అంబులెన్సులో మా అమ్మ నా చెయ్యి వదల్లేదు. అమ్మది సిరిసిల్ల. అక్కడ మా తమ్ముడికి నాలుగు సాంచాలున్నాయి, అంటే మరమగ్గాలు. కబురు అందగానే అమ్మ కండెలు చుట్టే పని వదిలేసి, కట్టుకున్న చీరతోనే జగిత్యాల వచ్చేసింది. దారి పొడుగునా ఎములాడ రాజన్నకు, అంటే వేములవాడ శివుడికి, మొక్కుతూనే ఉంది. కోడెను కడతానన్నది, కొబ్బరికాయలు కొడతానన్నది, చివరికి జన్మలో చేప ముట్టనని కూడా అనేసింది. నాకు నొప్పిలోనూ నవ్వొచ్చింది.

ఆపరేషన్ అయ్యి తెలివి వచ్చాక సర్జన్ గారు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పేగుల నుంచి రక్తాన్ని తీసుకుపోయే నరంలో క్లాట్ ఏర్పడిందని, దాన్ని మెసెంటెరిక్ వీన్ త్రాంబోసిస్ అంటారని చెప్పారు. చిన్న పేగులో ఎక్కువ భాగం గ్యాంగ్రీన్ అయితే తీసేశారట. మిగిలింది కొంచెమే, అందుకే దీనికి షార్ట్ బవెల్ అని పేరట. చేప వల్ల కాదా సార్ అని అడిగాను. పాపం చేప ఏం చేసిందమ్మా అని ఆయన నవ్వారు. చచ్చి బతికిన మనిషిని, ఆ మాటకు ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ తర్వాత నేను అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే, మళ్లీ ఎప్పుడు తింటాను.

"ఈ ప్రశ్న అడిగేవాళ్లు తప్పకుండా తింటారమ్మా. కానీ మిగిలిన పేగు పని నేర్చుకోవాలి. నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా టీపీఎన్ మీద బతకాలి."

టీపీఎన్ అంటే టోటల్ పేరెంటరల్ న్యూట్రిషన్. పాలరంగులో ఉండే పెద్ద సంచి. గ్లూకోజ్, మాంసకృత్తులు, కొవ్వు, విటమిన్లు, ఉప్పులు, అన్నీ అందులోనే. చెయ్యి మీద పెట్టే పిక్ లైన్ అనే సన్నటి గొట్టం గుండె దగ్గరి పెద్ద నరం దాకా పోతుంది. సంచిలోది పంప్ ద్వారా అందులోకి బొట్టు బొట్టుగా ఎక్కుతుంది. పొద్దున కాఫీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి రొట్టె అన్నీ ఆ ఒక్క సంచే. రుచి ఉండదు, వాసన ఉండదు, నమిలే పని లేదు. మొదటివారం పక్క మంచానికి ఇడ్లీ వస్తే ముఖం గోడవైపు తిప్పుకునేదాన్ని. కానీ చేతుల్లోకి సత్తువ వస్తుంటే నాకే ఆశ్చర్యం వేసింది. నెల తిరిగేసరికి వరండాలో నేనే నడుస్తున్నాను.

అప్పుడు చెప్పారు ఆ మాట. ఇదే సంచి ఇంట్లో ఎక్కించుకోవచ్చు, ఇంటికి పొమ్మని. నేను మంచం మీద ఎగిరినంత పని చేశాను.

నేర్పించే పని ఆస్పత్రిలో న్యూట్రిషన్ సిస్టర్‌ది. సిస్టర్ చాలా గట్టి మనిషి. చేతులు కడగడమే మా ఆయనకు ఒక పరీక్ష అయింది. మోటర్ వార్నిష్ నల్లగా గోళ్ల సందుల్లో ఇంకిపోయి ఉంటే, ఆ చేతులతో లైన్ ముట్టుకోనివ్వనని సిస్టర్ ఆయన్ను మళ్లీ మళ్లీ వాష్‌బేసిన్ దగ్గరికి పంపింది. పాపం ఆయన నిమ్మచెక్కలు తెచ్చి రుద్దుకున్నాడు. తర్వాత లైన్ చివర మూతలా ఉండే హబ్‌ను స్పిరిట్‌తో రుద్దడం, సెలైన్‌తో ఫ్లష్ చేయడం, పంప్ అలారం కొడితే ఏం చూడాలో, అన్నీ నాకంటే ఆయనే ముందు నేర్చుకున్నాడు. తీగ చుట్టే మనిషికి గొట్టంలో గాలిబుడగ పట్టుకోవడం కష్టం కాలేదు.

రెండో పాఠం కాగితాలది. మందు ఆగకూడదంటే కాగితం ఆగకూడదమ్మా అని సిస్టర్ మొదలుపెట్టింది. నేను కాలువల శాఖలో టైపిస్టును. మా శాఖలో ఉద్యోగి పెద్ద జబ్బున పడితే ఆఫీసు నుంచి క్రెడిట్ లెటర్ ఇస్తారు. అది ఉంటే ఆస్పత్రి మనల్ని డబ్బు అడగదు, బిల్లు నేరుగా ఆఫీసుకు పోతుంది. ఆపరేషన్‌కు ఆ లెటర్ దొరికింది. ఇంటికి పట్టుకుపోయే మొదటి విడత సంచులు కూడా అందులోనే సర్దారు. ఆ తర్వాత సంచులకు మాత్రం కొత్త లెటర్ కావాలి. సొంతంగా కొనుక్కునే స్తోమత మాకు లేదు.

డిశ్చార్జ్ సమ్మరీ చేతికిచ్చారు. చదివితే చివర్లో, న్యూట్రిషనల్ సపోర్ట్ కొనసాగించాలి అని ఒక్క వాక్యం ఉంది. ఏళ్ల తరబడి ఆఫీసు కాగితాలు కొట్టిన వేళ్లు నావి. ఆ వాక్యం చూస్తే జగిత్యాలలో మా డివిజన్ ఆఫీసు వాళ్లు టానిక్ సీసా అనుకుంటారని నాకు అక్కడే అర్థమైంది. సిస్టర్‌కు చూపిస్తే ఆమె నాకంటే గట్టిగా పట్టుకుంది. ఇద్దరం కలిసి జూనియర్ డాక్టర్‌ను నిలబెట్టి మార్పించాం. ఇంట్లో సిర ద్వారా ఇచ్చే పోషకాహార చికిత్స అని, రోగి నోటితో తిన్నది ఒంటికి పట్టదని, ట్యూబ్ ద్వారా పెట్టినా ఫలితం లేదని, వారానికి ఎన్నిసార్లు, ఎన్ని గంటలు, ఎంత కాలం అని స్పష్టంగా రాయించాం. ఆ పూట బయల్దేరాల్సింది సాయంత్రమైంది. మా ఆయన కింద జీపు డ్రైవర్‌తో మాటలు పడ్డాడు, అయినా నేను మెట్లు దిగలేదు.

కోరుట్లలో సంచుల కాపురం మా ఇంట్లో కాదు, ఇక్బాల్ భాయ్ మెడికల్ షాపులో. సంచులను ఫ్రిజ్‌లో పెట్టాలి, గడ్డ కట్టకూడదు, వేడెక్కకూడదు. మా ఇంట్లో కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు, ఆయన షాపులో ఇన్వర్టర్ ఉంది. రోజూ ఒకటి తెచ్చుకుని, కాసేపు బయట పెట్టి, తర్వాత ఎక్కించుకునేవాళ్లం. సంచి తగిలించగానే దాని లేబుల్ ఒలిచి, ఆ రోజు షీట్ మీద అంటించి, ఖాళీ అయ్యాక ఎప్పుడు మొదలు, ఎప్పుడు పూర్తి, జ్వరం ఉందా లేదా రాసి నేను సంతకం చేసేదాన్ని. బిల్లుతో పాటు ఆ షీట్లు ఆఫీసుకు పోతాయి. సిస్టర్ ఆర్డర్ అది.

కొత్త లెటర్ కోసం మా ఆయన జగిత్యాల పోయాడు. అక్కడ బిల్లుల సెక్షన్ సూపరింటెండెంట్ సత్తయ్య సార్. మంచి మనిషే, కానీ ఫైలు ముందు పెడితే తమ్ముడినైనా గుర్తుపట్టడు. ఆయన సమ్మరీ అంతా చదివి అబ్జెక్షన్ రాశాడు. ఆస్పత్రిలో పడుకుంటే వైద్యమవుతుంది, ఇంట్లో కూర్చుని ఎక్కించుకునే ఆహారం ఆహారమే అవుతుంది, ఆహారానికి నిబంధనల్లో చోటు లేదు అని. మా ఆయన ఆ కాగితం తెచ్చి నా ముందు పెడితే నాకు ఒళ్లు మండిపోయింది. ఆహారమట! ఆహారమైతే నేను పచ్చిపులుసుతో తినేదాన్ని కాదా?

సర్జన్ గారికి ఫోన్ చేస్తే ఆయన చక్కగా లెటర్ రాసి కొరియర్‌లో పంపారు. ఈ సంచి నిలిపితే రోగి తిరిగి ఆస్పత్రిలో చేరాలి లేదా ప్రాణాపాయం అని, ఈమెకు ఇల్లే వార్డు అని. ఆ లెటర్ ఫైలులో చేరింది. ఇక సత్తయ్య సార్ అబ్జెక్షన్ తీసేయాలి, మా డివిజన్‌కు పెద్ద అయిన ఇంజనీరు, ఈఈ సార్ సంతకం చేయాలి, అంతే మిగిలింది.

ఆ వారమే సకల జనుల సమ్మె మొదలైంది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను తెలంగాణ కోసం జబ్బు పడక ముందు నుంచీ ర్యాలీల్లో తిరిగిన మనిషిని. మా ఆఫీసుకు తాళం పడిందని ఫోన్ రాగానే చేతికి పంప్ ఉండగానే మంచం మీద కూర్చుని జై తెలంగాణ అని అరిచాను. అమ్మ హడలిపోయి వంటింట్లోంచి ఉరికొచ్చింది. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులన్నీ బంద్. నా సంబరం చూసి మా ఆయన తలుపు దగ్గర నిలబడి మెల్లగా అన్నాడు.

"సంబరం మంచిదే గని పద్మా, నీ ఫైలు సుత ఆ తాళం లోపట్నే ఉన్నది."

అరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఇక్బాల్ భాయ్ ఫ్రిజ్‌లో వారానికి సరిపడా కూడా లేవు. అవి అయిపోతే నోటితో ఎంత తిన్నా నీళ్లలా పోతుంది. మళ్లీ హైదరాబాద్ వార్డు, అది కూడా బస్సులు లేని రోజుల్లో. మా ఆయన రెండుసార్లు సమ్మె శిబిరానికి పోయి వచ్చాడు. సమ్మె అయినంక చూద్దామన్నారట. వాళ్లను తిట్టడానికి నాకు మనసు రాలేదు. నేను ఆరోగ్యంగా ఉంటే ఆ శిబిరంలో ముందు వరుసలో కూర్చునేదాన్ని, ఎవరైనా తాళం తీస్తానంటే మొదట అడ్డం పడేది నేనే.

మూడోసారి నేనే పోతానన్నాను. ఆ రోజుల్లో రాత్రిళ్లు కరెంటు లేక చీకట్లో గొట్టం చూసుకోవడం కష్టమయ్యేది కాబట్టి, సిస్టర్‌ను ఫోన్లో అడిగి సంచి ఎక్కించుకోవడం పగటికి మార్చుకున్నాం. పంప్ బ్యాటరీ మీద నడుస్తుంది. ఆస్పత్రి వాళ్లిచ్చిన వీపు సంచిలో టీపీఎన్ సంచి, పంప్ రెండూ పెట్టి, గొట్టాన్ని జాకెట్టు చేతి మీదుగా తెచ్చి, భుజాన తగిలించుకున్నాను. అమ్మ వద్దని ఏడ్చింది. ఇక్బాల్ భాయ్ మందులు తెచ్చుకునే వ్యాన్‌లో ముందు సీటు నాకిచ్చి, అద్దానికి మందులు అని రాసిన అట్ట కట్టి, తనే నడిపాడు.

జగిత్యాల పొలిమేరలోకి వచ్చామో లేదో రోడ్డు మొత్తం జనం. వంటావార్పు. ఉద్యోగులు, లాయర్లు, ఆటోవాళ్లు, ఆడవాళ్లు అందరూ రోడ్డు మధ్యలో రాళ్లతో పొయ్యిలు పెట్టి పెద్ద పెద్ద గంజుల్లో వండుతున్నారు. డప్పులు, పాటలు, జెండాలు. బగారన్నం వాసన వ్యాన్ అద్దాల్లోంచి వచ్చి నన్ను పట్టుకుంది. మూడు నెలల తర్వాత ఒక గంజు నిండా ఉడుకుతున్న అన్నం చూడటం అదే మొదటిసారి. నాకు కన్నీళ్లు వచ్చాయి, అయినా దిగకుండా ఉండలేకపోయాను. డప్పు వినిపిస్తే నా కాళ్లు ఆగవు.

సత్తయ్య సార్ మెడలో గులాబీ కండువా వేసుకుని, చేత్తో గరిటె పట్టుకుని వడ్డిస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి, ఎంత సన్నబడ్డవమ్మా అంటూ విస్తరి నా చేతిలో పెట్టాడు. అన్నం పెట్టాడు, మీద వంకాయ కూర పెట్టాడు, తినమన్నాడు. నేను విస్తరి అలాగే పట్టుకుని నిలబడ్డాను. తర్వాత భుజం మీది సంచి జిప్పు తీసి చూపించాను.

"సార్, నేను తినుడు గిదే. మీ విస్తరిల నుంచి ఒక్క ముద్ద తిన్నా నాకు పట్టది. గిసొంటి సంచులు రేపటికో ఎల్లుండికో అయిపోతయి. అయిపోతే నాకు పెట్టేటందుకు గీ గంజులన్ని కలిసినా సాలయి."

ఆయన సంచి వంక చూశాడు, చెయ్యి మీది గొట్టం వంక చూశాడు. పంప్ టిక్కుటిక్కుమంటోంది. ఆయన విస్తరి నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాడు. నిన్ననే మైకులో చెప్పానని, తాళం ముట్టినోడు ద్రోహి అని తానే అన్నానని మెల్లగా చెప్పాడు. తాళం తీయమని నేను అడగలేదు. మందులకు, దవాఖానాలకు సమ్మె లేదని కూడా మీరే అన్నారు కదా సార్ అని మాత్రం అడిగాను.

ఆయన పోయి మైకు తీసుకున్నాడు. డప్పులు ఆగాయి.

"ఈమె పద్మమ్మ, మన ఆఫీసు మనిషే. ఈమె బిల్లు మీద ఇది తిండి, మందు కాదు అని నేను అబ్జెక్షన్ రాసిన. ఇయ్యాల కండ్లార చూసిన. తప్పు నాది. ఇది మందే. మందుకు సమ్మె లేదని మనమే చెప్పినం. అందరు ఒప్పుకుంటే తాళం తీసి, ఒక్క సంతకం పెట్టి, మల్ల తాళం వేద్దం. ఒప్పుకోకుంటే నేను ముట్ట."

గంజి వార్చుతున్న ఒక ముసలమ్మ చేతులు దులుపుకుని, ఇంక అడుగుడేంది సారు, పోరిని సంపుతరా, తియ్యుండ్రి అన్నది. అంతే. చప్పట్లు, ఈలలు, డప్పులు మళ్లీ మొదలు. మొత్తం గుంపు ఆఫీసు దిక్కు కదిలింది. నేను మధ్యలో, వెనక ఇక్బాల్ భాయ్ నా వీపు సంచి ఎవరికీ తగలకుండా చేతులు చాచి నడుస్తూ, జరగుండ్రి భాయ్, దవా ఉన్నది, దవా ఉన్నది అంటున్నాడు. ఈఈ సార్ కూడా పెరుగన్నం తిన్న చెయ్యి కడుక్కుని వచ్చాడు.

తాళం తీశారు. సత్తయ్య సార్ ఫైలు తెచ్చి తన అబ్జెక్షన్ కింద, వైద్యుని ధ్రువీకరణ, స్వయంగా చూసిన మీదట అభ్యంతరం ఉపసంహరించుకున్నాను అని రాశాడు. కొత్త లెటర్ నేనే టైపు కొట్టాను. భుజాన పంప్, వేళ్ల కింద నా పాత మిషన్, బయట కిటికీల దగ్గర జై తెలంగాణ నినాదాలు. నా ఉద్యోగంలో అంత ఉషారుగా కొట్టిన కాగితం ఇంకోటి లేదు. ఈఈ సార్ సంతకం పెట్టాడు, ముద్ర పడింది, తలుపులు మూసి తాళం వేశారు. గుంపు వచ్చిన దారినే వంటల దగ్గరికి పోయింది.

ఆ సాయంత్రమే లెటర్ హైదరాబాద్‌కు ఫ్యాక్స్ అయింది. సంచులు ఐస్ డబ్బాల్లో మందుల వ్యాన్‌లో వచ్చాయి. దారిలో ప్రతి ఊరి దగ్గరా ఆపారట, మందులని తెలిసి ప్రతి ఊరి దగ్గరా వదిలారట. ఇక్బాల్ భాయ్ ఫ్రిజ్ తలుపు తెరిచి చూపిస్తే వరుసగా నిలబడ్డ ఆ తెల్ల సంచులను చూసి నేను, అమ్మ ఒకరినొకరు పట్టుకుని నవ్వాం.

ఇక కష్టాలు తీరాయనుకున్నాను. దసరా వచ్చింది. సిరిసిల్లలో దసరాకు సాంచాలు కడిగి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఏడాదంతా అన్నం పెట్టేవి అవే కదా. అమ్మ చిన్నప్పటి నుంచి చేస్తున్న పని. మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే అమ్మ పంప్‌కు బొట్టు పెట్టింది, దండం పెట్టింది, నా చెయ్యి మీది లైన్ మూతకు కూడా శ్రద్ధగా పసుపు అద్ది కుంకుమ పెట్టింది. లేచి చూసి నేను లబోదిబోమన్నాను. అమ్మకు నా కోపం అర్థం కాలేదు. నా బిడ్డ పానం దీంట్లనే ఉన్నది, దీనికి పెట్టక ఇంక దేనికి పెట్టాలె అన్నది.

మా ఆయన స్పిరిట్‌తో ఎంత రుద్దినా మూత అంచులో ఎరుపు పోలేదు. సిస్టర్‌కు ఫోన్ చేద్దామంటే లైన్ కలవలేదు. మర్నాడు సంచి తగిలించిన కాసేపటికే పళ్లు టకటకలాడే చలి, తర్వాత నిప్పులా జ్వరం. పంప్ ఆపి జగిత్యాల ఉరికాం. డ్యూటీ డాక్టర్ మూత చూసి, గిదేందమ్మా అని అడిగాడు. అమ్మ చెప్పింది. ఆయనకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

"పెద్దమ్మా, దేవునికి ఎన్ని పెట్టినా పెట్టు. లైన్‌కు స్పిరిట్ తప్ప ఏం పెట్టకు."

బ్లడ్ కల్చర్ పంపారు, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు, లైన్ తీసేశారు. తప్పు సంచిది కూడా కావచ్చని సందేహం వచ్చి, ఏ బ్యాచ్ అని అడిగారు. షీట్ మీద లేబుల్ ఉంది కాబట్టి అప్పటికప్పుడు హైదరాబాద్‌కు ఫోన్ చేసి కనుక్కున్నారు. అదే బ్యాచ్ వాడిన వేరేవాళ్లకు ఏమీ కాలేదన్నారు. లేబుల్ లేకుంటే మిగిలిన సంచులన్నీ పారేయాల్సి వచ్చేది. సిస్టర్ ఆర్డర్ ఎందుకో నాకు ఆ రోజు తెలిసింది.

షీట్‌లో కారణం రాసే చోట ఏం రాయాలి? అమ్మ బతిమాలింది, నా పేరు రాస్తే బిల్లు ఆపుతరేమో బిడ్డా అని. పేరు రాయలేదు గాని కారణం దాచలేదు. లైన్ మూతకు పండుగ సందర్భంగా కుంకుమ తగిలింది అని ఉన్నదున్నట్టు రాశాను. సమ్మె అయిపోయాక సత్తయ్య సార్ ఫోన్ చేసి, నా సర్వీసుల గిసొంటి కారణం చూడలేదు పద్మమ్మా అని పడీపడీ నవ్వాడు. బిల్లు మాత్రం ఆపలేదు. దాచి ఉంటే అడ్డంకి వచ్చేదని ఆయనే అన్నాడు. హైదరాబాద్‌లో కొత్త లైన్ వేయించుకుని మళ్లీ మొదలుపెట్టాం. అమ్మ ఆ తర్వాత పంప్ పక్కన గోడకు బొట్టు పెట్టింది.

చలికాలంలో సర్జన్ గారు నోటితో కొంచెం కొంచెం మొదలుపెట్టమన్నారు. మొదట ఓఆర్ఎస్ గుక్కలు, తర్వాత పలుచటి గంజి, తర్వాత మెత్తటి అన్నంలో పప్పు. మొదటి ముద్ద మింగుతుంటే నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. కొన్ని రోజులు పట్టేది, కొన్ని రోజులు నీళ్లలా పోయేది. బరువు పడిపోతే సంచులు పెంచేవాళ్లు, నిలబడితే తగ్గించేవాళ్లు. ఎండాకాలం వచ్చేసరికి వారానికి రెండు సంచులకు వచ్చాను. చివరికి ఒక రోజు సర్జన్ గారు రిపోర్టులు చూసి, లైన్ తీసేద్దామా అని నన్నే అడిగారు.

తీసేశాక ఒక చివరి కాగితం మిగిలింది. చికిత్స ముగిసిందని ఆఫీసులో ఇవ్వాలి. దాంట్లో ఆపడానికి కారణం అన్న చోట సర్జన్ గారు, రోగి నోటితో పూర్తి ఆహారం తీసుకుంటున్నది అని రాశారు. ఆ కాగితం పోస్టులో పంపితే సరిపోయేది. నేను పంపలేదు, బస్సెక్కి జగిత్యాల పోయాను.

భోజనం వేళ. సత్తయ్య సార్ కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు పైకి జరిపి, తల అడ్డంగా ఊపాడు.

"అబ్జెక్షన్ ఉన్నది పద్మమ్మా. తింటున్నట్టు రుజువు లేదు."

ఆయన తన టిఫిన్ డబ్బా మూత తీసి నా ముందుకు జరిపాడు. తెల్లన్నం, పక్కన చేపల పులుసు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు మిర్గం. వంటావార్పు నాడు నా చేతిలోంచి వెనక్కి తీసుకున్న విస్తరి ఆయన మరిచిపోలేదు. నేను ముల్లు తీసి, ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుని, బాగా నమిలి మింగాను. ఆఫీసంతా చూస్తోంది. ఆయన కలం మూత తీసి సంతకం చేశాడు. కండువా లేదు కాబట్టి చొక్కా చెయ్యితోనే కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు తెలంగాణ వచ్చింది, నా ఉద్యోగం నాకుంది, పేగు నాతోనే ఉంది. నెలకోసారి బీ12 ఇంజెక్షన్, రోజూ విటమిన్లు, క్లాట్ మళ్లీ రాకుండా మాత్ర. ఒకేసారి కడుపు నిండా తినకూడదు, కొంచెం కొంచెంగా చాలాసార్లు తినాలి. నాకు ఆ షరతు బాగానే నచ్చింది.

మీ ఇంట్లో ఎవరినైనా ఇలాంటి సంచితో ఇంటికి పంపుతుంటే ఒక్క మాట పట్టుకోండి. డిశ్చార్జ్ సమ్మరీ చేతికి రాగానే మెట్లు దిగకండి. అక్కడే కూర్చుని చదవండి. ఏం ఎక్కిస్తున్నారు, ఎక్కడ ఎక్కిస్తున్నారు, ఎంత కాలం, నోటితో ఎందుకు తినలేరు, ఈ నాలుగూ స్పష్టంగా లేకపోతే రాయించుకునేదాకా అక్కడే ఉండండి. కింద జీపు డ్రైవర్ అరిస్తే అరవనివ్వండి. ఇంతకంటే పెద్ద సలహా ఇవ్వడానికి నాకు ఇప్పుడు తీరిక లేదు. ఇవాళ మళ్లీ మిర్గం, పొయ్యి మీద కొర్రమట్ట పులుసు దగ్గరపడుతోంది, మొదటి ముద్ద నాదే.